వైజాగ్‌లో సరదాగా సైకిల్ తొక్కాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

చేతిలో హెల్మెట్ కనపడితే చాలు, లిఫ్ట్‌లోనూ టీ బండి దగ్గరా ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకని అన్నిటికీ ఒకచోటే జవాబులు రాసేస్తున్నాను. నేను రేసులు తొక్కే మనిషిని కాదు. ఆదివారం పొద్దున్నే బయల్దేరి ఎండ ముదిరేలోపు ఇంటికొచ్చేసే బాపతు. కాబట్టి సలహాలు కూడా అలాగే ఉంటాయి.

ఊరంతా ఎత్తుపల్లాలే కదా, ఇక్కడ సైకిలేంటండీ?

ఎత్తుపల్లాలే, కాదనను. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క సింహాచలం కొండలు, ఉత్తరాన కైలాసగిరి, కంబాలకొండ, దక్షిణాన డాల్ఫిన్స్ నోస్. వీటి సందుల్లో దొరికిన జాగాలో ఊరు కట్టుకున్నాం. సిరిపురం నుంచి బీచ్‌కి దిగేటప్పుడు పెడల్ తొక్కే పనే ఉండదు, గాలి చెవుల్లో హోరుమంటుంటే రాజాలా ఉంటుంది. అదే దారిలో తిరిగి ఎక్కేటప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. ఎక్కుడుని మనవాళ్ళు "అప్పు" అంటారు కదా, "ముందు పెద్ద అప్పుంది సార్, చూసుకోండి" అని. ఆ మాట ఎవరు మొదలెట్టారో గానీ సరిగ్గా అతికింది. ఈ ఊళ్ళో ప్రతి డౌనూ అప్పే, తిరుగు ప్రయాణంలో వడ్డీతో సహా కట్టాల్సిందే. అందుకే ఎక్కడికెళ్ళినా ముందు చూసుకోవాల్సింది వెనక్కి వచ్చే దారి. దూరం, ఎత్తు, గాలి, ఎండ, ఈ నాలుగూ వెళ్ళేటప్పుడు ఒకలా ఉంటాయి, వచ్చేటప్పుడు ఇంకోలా ఉంటాయి.

కొత్తగా మొదలుపెడుతున్నా. మొదటి రైడ్ ఎక్కడికి?

కోస్టల్ బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి, ఆర్కే బీచ్, కురుసుర సబ్‌మెరైన్, దానికి ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం (రెండూ ఇప్పుడు మ్యూజియంలే) దాటుకుంటూ వీఎంఆర్‌డీఏ పార్కు దాకా వెళ్ళండి. పాతవాళ్ళకి అది ఇప్పటికీ వుడా పార్కే. దాదాపు చదునుగా ఉంటుంది, కుడిపక్క సముద్రం. ఒక నాలుగు ఆదివారాలు అక్కడే అటూ ఇటూ తిరగండి. తర్వాత లాసన్స్ బే, అప్పుఘర్ మీదుగా తెన్నేటి పార్కు దాకా పొడిగించండి. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ ఓడ ఒకటి కొట్టుకొచ్చి రాళ్ళ మీదకెక్కి కూర్చుంది చూడండి, ఆ చోటే. అక్కడ్నుంచి కైలాసగిరి అంచున రోడ్డు పైకి లేస్తుంది. అది ఆగకుండా ఎక్కేశారంటే భీమిలి గురించి ఆలోచించడం మొదలుపెట్టొచ్చు.

బీచ్ రోడ్‌లో పొద్దున్నే బండ్లు ఆపేస్తారట, నిజమేనా?

ఆర్కే బీచ్ దగ్గర ముఖ్యమైన ముక్కలో తెల్లవారుజామున బారికేడ్లు పెట్టి కార్లనీ బైకుల్నీ రానివ్వరు. అయితే అది వాకర్ల కోసం చేసిన ఏర్పాటు, మనం మధ్యలో దూరాం అంతే. నలుగురేసి వరసగా, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో నడుస్తుంటారు, మీ బెల్లు వినపడదు. అక్కడ స్పీడు చూపించకండి. స్పీడు కావాలంటే రుషికొండ దాటాక బోలెడంత రోడ్డుంది.

భీమిలి ఎంత దూరం? ఎంతసేపు పడుతుంది?

ఈ ప్రశ్నకి కాస్త పెద్ద జవాబే రాయాలి, ఎందుకంటే వైజాగ్‌లో సైకిల్ అంటే సగం భీమిలి రోడ్డే.

ఆర్కే బీచ్ నుంచి బయల్దేరితే అటూ ఇటూ కలిపి సుమారు 55 కిలోమీటర్లు అనుకోండి. మామూలుగా తొక్కేవాళ్ళకి వెళ్ళడానికి గంటన్నర, రావడానికి అంతే లేదా ఇంకాస్త. జోడుగుళ్ళపాలెం దగ్గర మొదటి అప్పు. అది దిగితే సాగర్‌నగర్, మళ్ళీ రుషికొండ దగ్గర ఒక ఎక్కుడు. గీతం యూనివర్సిటీ దాటాక రోడ్డు తెరుచుకుంటుంది. మంగమారిపేట దగ్గర సముద్రం ఎంత దగ్గరికొస్తుందంటే, వలలు ఆరబెట్టిన వాసన, ఎండు చేపల వాసన, ఉప్పు గాలి మూడూ కలిసి ముక్కుకి తగులుతాయి. అక్కడి బీచ్‌లో రాయి తొలుచుకుపోయి కమానులా నిలబడి ఉంటుంది, ఆటు సమయంలో దగ్గరికెళ్ళి చూడొచ్చు. ఇంకా ముందుకెళ్తే సరుగుడు తోటలు, ఎర్రమట్టి దిబ్బలు, నేవీ స్థావరం ఐఎన్ఎస్ కళింగ, ఆ తర్వాత భీమిలి.

భీమిలి ఊరికే తిరిగొచ్చేసే చోటు కాదు. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. డచ్చివాళ్ళ సమాధులున్నాయి, లైట్‌హౌస్ ఉంది, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటుంది. ఆ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా ఇక్కడిదాకా వస్తుంది. అరకు ఘాట్ మీద కష్టపడి ఎక్కొచ్చాక ఒకసారి భీమిలి వంతెన మీద సైకిలాపి ఆ నీళ్ళు చూడండి. దాని దారి మొత్తం డౌనే, అదృష్టవంతురాలు.

ఒక హెచ్చరిక. శని ఆదివారాల్లో ఎనిమిది దాటితే భీమిలి రోడ్డు మీద కార్లు, రీల్స్ తీసుకునే బైకులు ఎక్కువైపోతాయి. ఐదుకల్లా రోడ్డెక్కితే, ఎనిమిదికల్లా తిరుగు ప్రయాణంలో రుషికొండ దగ్గరుంటారు.

వెళ్ళేటప్పుడు ఎగిరిపోయాను, వచ్చేటప్పుడు ప్రాణం పోయింది. నాకేమైనా ప్రాబ్లమా?

మీకేం లేదు, గాలి. భీమిలి మనకి ఈశాన్యంగా ఉంది. వేసవి మొదలైనప్పటి నుంచి వానలు తగ్గేదాకా ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి వస్తుంది, అంటే వెళ్ళేటప్పుడు వీపు మీద చెయ్యేసి తోస్తుంది. మనం అదంతా మన కాళ్ళ సత్తా అనుకుని గంటకి 28లో కొట్టుకుంటూ పోతాం. భీమిలిలో ఇడ్లీ తిని వెనక్కి తిరగ్గానే అదే గాలి మొహం మీద కొడుతుంది, ఈలోగా పొద్దెక్కి దాని బలం ఇంకా పెరుగుతుంది. చలికాలంలో దీనికి ఉల్టా: ఈశాన్యం గాలి, వెళ్ళేటప్పుడు కష్టం, వచ్చేటప్పుడు సుఖం. అందుకే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా భీమిలి రైడ్ హాయిగా ఉంటుంది. చల్లదనం ఒక్కటే కారణం కాదు.

నాకు ఇది అర్థం కావడానికి ఒక మే నెల కావాల్సొచ్చింది. తొమ్మిదిన్నరకి ఎండాడ దగ్గర్లో, రెండు బాటిళ్ళూ ఖాళీ, ఎడం చెవీ మెడ వెనకా కాలిపోయి (తిరిగొచ్చేటప్పుడు ఎండ అటువైపే పడుతుంది), ఒక కొబ్బరిబోండాల బండి నీడలో చతికిలబడ్డాను. బండి పెద్దాయన బోండం కొడుతూ, "బాబూ, ఆటో పిలవమంటావా?" అన్నాడు. పిలవమన్నాను. సైకిల్ వెనక సీట్లో అడ్డంగా పెట్టి నేను డ్రైవర్ పక్కన ఇరుక్కుని వచ్చాను. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు.

ఎర్రమట్టి దిబ్బల్లోకి సైకిల్ తీసుకెళ్ళొచ్చా?

వద్దు. చూడ్డానికి మౌంటెన్ బైక్ ట్రాక్‌లా ఉంటుంది గానీ, అది గట్టి మట్టి కాదు, వేల ఏళ్ళుగా పేరుకున్న ఇసుక. అందులో ఇనుము ఉండడం వల్ల ఎర్రబడింది. వాన నీళ్ళు కోసుకుపోయి ఆ లోయలు ఏర్పడ్డాయి. ఒక టైరు గాడి చాలు, తర్వాతి వాన అక్కడ్నుంచే కోయడం మొదలుపెడుతుంది. జాతీయ భూవారసత్వ స్థలం అది, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. రోడ్డు పక్కన సైకిల్‌కి తాళమేసి నడిచి చూసి రండి.

చిన్న కొండ ఏదైనా చెప్పండి, ఎక్కడం ప్రాక్టీస్ చేయడానికి.

తొట్లకొండ. భీమిలి రోడ్డు మీద నుంచే పైకి దారి, కొండ ఎత్తు సముద్రమట్టానికి 128 మీటర్లు. పొట్టిదే గానీ నిటారుగా ఉంటుంది, మధ్యలో దిగి నడిచినా ఎవరూ ఏమీ అనుకోరు. పైన బౌద్ధ ఆరామం శిథిలాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి, పేరు కూడా వాటి వల్లే వచ్చింది. నేవీవాళ్ళు విమానంలో సర్వే చేస్తుంటే ఈ చోటు బయటపడింది. పైనుంచి కనిపించే సముద్రం కోసమైనా ఒకసారి ఎక్కాలి. రక్షిత స్థలం కాబట్టి టికెట్టూ టైమింగులూ ఉంటాయి, శిథిలాల మధ్య సైకిల్ తిప్పకండి.

కైలాసగిరి?

అది దీనికి అన్నయ్య. సుమారు 170 మీటర్లు. బీచ్ వైపు నుంచి మెట్లూ రోప్‌వే, సైకిల్‌కి మాత్రం విశాలాక్షినగర్ వైపు ఘాట్ రోడ్డే. గేటు దగ్గర ఒక్కోసారి రానిస్తారు, ఒక్కోసారి టైమవ్వలేదంటారు, వాదించి లాభం లేదు. ఎక్కడం కంటే దిగడంలోనే జాగ్రత్త కావాలి. బ్రేకుల్ని అదేపనిగా నొక్కి పట్టుకోకుండా, మలుపుకి ముందు గట్టిగా వేసి, మలుపులో వదిలేసి, మళ్ళీ వేస్తూ దిగాలి. మొదటిసారి దిగేముందు రెండు బ్రేకు రబ్బర్లూ వేలితో తడిమి చూసుకోండి, అరిగిపోయి ఇనుము తగులుతుంటే ఆ రోజుకి కొండ వద్దు.

సింహాచలం చుట్టూ తిరిగే దారి ఉందటగా?

ఉంది. ఈ ఊళ్ళో నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి అదే, భీమిలి కన్నా కూడా. ఏటా ఆషాఢ పౌర్ణమికి లక్షలమంది నడిచే గిరి ప్రదక్షిణ దారి, 32 కిలోమీటర్లు. కొండ దిగువన తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెడతారు. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, జోడుగుళ్ళపాలెం, అప్పుఘర్, అక్కడ్నుంచి ఎంవీపీ కాలనీ, వెంకోజీపాలెం, ఇసుకతోట, మాధవధార, ఎన్ఏడీ జంక్షన్, గోపాలపట్నం మీదుగా మళ్ళీ సింహాచలం. ఒక్క రైడ్‌లో కొండ, అడవి, చెరువు, సముద్రం, హైవే, కాలనీ సందులు అన్నీ వచ్చేస్తాయి. ఇంత వెరైటీ 32 కిలోమీటర్లలో ఇంకే ఊళ్ళోనైనా దొరుకుతుందా అని నాకు డౌటే (దొరకొచ్చు, నేను ఎక్కువ ఊళ్ళు తొక్కలేదు).

ఇందులో అడవివరం నుంచి హనుమంతవాక దాకా ఉన్న ముక్క మంచిది. రెండు పక్కలా కొండలు, పక్కన ముడసర్లోవ రిజర్వాయర్, నీళ్ళ మీద తేలుతూ సోలార్ పలకలు. చలికాలం పొద్దున ఆ నీళ్ళ మీద పొగమంచు ఉంటుంది. ఎన్ఏడీ, గోపాలపట్నం వైపు మాత్రం ట్రాఫిక్. అందుకే నేను గోపాలపట్నం దగ్గరే మొదలుపెట్టి ఎన్ఏడీని చీకట్లోనే దాటేసి, కొండల మధ్య రోడ్డుని చివరికి ఉంచుకుంటాను. చివర్లో అడవివరం దగ్గర, సీజన్ అయితే, రోడ్డు పక్కన సింహాచలం అనాసకాయలు కోసి ఉప్పూకారం చల్లి ఇస్తారు. సంపెంగల వాసన సరేసరి. ప్రదక్షిణ రోజునా, చందనోత్సవం రోజునా మాత్రం సైకిల్ ఇంట్లో పెట్టి నడవండి.

గుడి దాకా పైకి ఎక్కాలనుకుంటే, గుడి సుమారు 244 మీటర్ల ఎత్తులో ఉంది, ఘాట్ రోడ్డు మీద బస్సులూ కార్లూ తిరుగుతూనే ఉంటాయి. దిగువ గేటు దగ్గర అడిగి వెళ్ళండి.

యారాడ బీచ్‌కి?

బీచ్ బంగారం, దారి మాత్రం కాదు. ఊళ్ళో నుంచి వెళ్తే కాన్వెంట్ జంక్షన్, సింథియా మీదుగా పోర్టు లారీల మధ్య తొక్కాలి. బొగ్గు దుమ్ము, గుంతలు, రాత్రంతా నడిపి కళ్ళు మూతలు పడుతున్న డ్రైవర్లు. ఆ తర్వాత కొండ ఎక్కి అవతలికి దిగితే కొబ్బరి తోటలు, యారాడ. ఆ దిగుడులో ఎంత హాయి ఉందో, తిరిగి రావడానికి అంత ఏడుపు ఉంది, వేరే దారి లేదు మరి. సైకిల్‌ని కారుకి కట్టుకెళ్ళి మల్కాపురం దాటాక దించుకుంటే అది తెలివైన పని. గాజువాక వైపు ఉండేవాళ్ళకి ఈ బాధ తక్కువ. ఆ చుట్టుపక్కలంతా నేవీ ఏరియా, గోడల వైపు కెమెరా పెట్టకండి, హ్యాండిల్ మీద గోప్రో ఉంటే ఆపేయండి.

అరకు సైకిల్ మీద వెళ్ళొచ్చా?

వెళ్తున్నారు. సుమారు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దాకా మామూలు రోడ్డే, ఎస్.కోట దాటి కొంచెం వెళ్ళాక ఘాట్ మొదలు. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు, పైగా రోడ్డు అంతకన్నా ఎత్తుకెక్కి అప్పుడు లోయలోకి దిగుతుంది. ఎక్కేశాం అనుకున్నాక ఇంకో మలుపు వస్తుంది, ఆ మలుపు తర్వాత ఇంకోటి. టైడా దగ్గర అడవి చల్లదనం, అనంతగిరి దగ్గర కాఫీ తోటలు, మిరియాల తీగలు ఆ కష్టానికి సరిపోతాయి.

నా సలహా: ఒక్క రోజులో పోయిరావాలన్న పంతం పెట్టుకోకండి. పొద్దున్నే వెళ్ళి, బొంగులో చికెన్ తిని, రాత్రి అక్కడే పడుకుని మర్నాడు దిగండి. లేదా ఎస్.కోట దాకా కారులో తీసుకెళ్ళి ఘాట్ ఒక్కటే ఎక్కండి, సగం దాకా ఎక్కి వెనక్కి వచ్చినా చెప్పుకోదగ్గ రైడే. దిగేటప్పుడు ఎదురుగా వచ్చే టూరిస్టు కార్లు మలుపుల్లో మన లైన్లోకి వచ్చేస్తాయి, పొగమంచులో అయితే మరీ. వెనకా ముందూ లైట్లు పగలు కూడా వెలగాలి.

ఏ సైకిల్ కొనాలి?

బ్రాండు మీ ఇష్టం, పళ్ళు లెక్కపెట్టండి. వెనక చక్రానికుండే పళ్ళ బిళ్ళల గుత్తి, అంటే క్యాసెట్‌లో పెద్ద చక్రానికి 32 లేదా 34 పళ్ళుంటే ఈ ఊరి అప్పులు కూర్చునే ఎక్కుతారు. సన్న టైరు రోడ్ బైకో, ముందు సస్పెన్షన్ లేని హైబ్రిడో సరిపోతుంది. నాకు మొదట్లో ఒక షాపులో "బీచ్ ఊరు కదా సార్, ఇసుకలో కూడా తొక్కొచ్చు" అని ఫ్యాట్ టైరు బండి అంటగట్టారు. ఇసుకలో ఒక్కసారే తొక్కాను. మూడు నెలలకి చైను లింకులు బిగుసుకుపోయి, తిప్పితే గానుగలా కిర్రుమనేది. చివరికి మా బావమరిది పట్టుకుపోయాడు, వాడు విజయనగరంలో బానే తిప్పుకుంటున్నాడు.

తుప్పు పట్టకుండా ఏం చేయాలి?

బీచ్ రైడ్ నుంచి రాగానే మగ్గుతో మంచినీళ్ళు పోసి (ప్రెషర్ వాషర్ వద్దు, బేరింగుల్లోకి నీళ్ళు పోతాయి), పాత బనీనుతో తుడిచి, చైనుకి చుక్క చుక్కగా ఆయిలేసి, పైపైన ఉన్నది తుడిచేయాలి. ఆయిల్ కారుతూ ఉంటే ఇసుక అంటుకుని గరుకు కాగితంలా చైనుని అరగదీస్తుంది. సముద్రం ఎదురుగా ఫ్లాట్ ఉన్నవాళ్ళు సైకిల్ బాల్కనీలో పెట్టకండి. తొక్కకపోయినా తుప్పు పడుతుంది.

ఎన్నింటికి బయల్దేరాలి? హైదరాబాద్‌లో ఆరింటికి వెళ్ళేవాణ్ణి.

ఇక్కడ హైదరాబాద్ కన్నా దాదాపు ఇరవై నిమిషాలు ముందే తెల్లారుతుంది. జూన్‌లో ఐదున్నరలోపే సూర్యుడు వచ్చేస్తాడు, ఏడుకల్లా చెమట కారదు, ఒంటికి అంటుకుపోతుంది. ఉక్కపోతలో దాహం తెలిసేసరికే ఆలస్యమైపోతుంది, అందుకే గంటకో బాటిల్, అందులో చిటికెడు ఉప్పూ కాస్త నిమ్మరసం. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం అన్న మాట వార్తల్లో వినపడితే బీచ్ రోడ్డు మర్చిపోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. తుఫాను వెళ్ళిపోయాక కూడా కొన్నాళ్ళు రోడ్డు అంచుల్లో ఇసుక మేట వేసి ఉంటుంది. దాని మీద ముందు బ్రేకు వేశారో, పడ్డారే.

కుక్కలు?

ఉన్నాయి. వేగం పెంచితే వెంటపడతాయి. దిగి, సైకిల్‌ని మధ్యలో అడ్డం పెట్టుకుని నడవండి, వాటికి విసుగొచ్చి పోతాయి.

పంక్చరైతే?

ఆదివారం పొద్దున బీచ్ రోడ్డు అంచుల్లో శనివారం రాత్రి సీసాల పెంకులుంటాయి, కాబట్టి తప్పకుండా అవుతుంది. స్పేర్ ట్యూబు, టైరు ఊడదీయడానికి రెండు ప్లాస్టిక్ లివర్లు, చిన్న పంపు. ట్యూబు మార్చేముందు టైరు లోపల వేలు పెట్టి చుట్టూ మెల్లగా తడమండి, పెంకు అక్కడే ఉంటే కొత్త ట్యూబు కూడా పోతుంది. పొద్దున్నే ఆరింటికి ఏ పంక్చర్ షాపూ తెరిచి ఉండదు.

రైడ్ అయ్యాక సముద్రంలో స్నానం?

ఒంటి మీద చెమట, ఎదురుగా నీళ్ళు, ఆశ పుడుతుంది. కానీ ఆర్కే బీచ్, యారాడ రెండూ లోపలికి లాగేసే సముద్రాలు, ఏటా ప్రాణాలు పోతున్నాయి. కాళ్ళు తడుపుకోండి, చాలు.

భీమిలిలో చేపలు కొనుక్కుని రావచ్చా?

నవ్వకండి, ఇది నన్ను నిజంగానే చాలామంది అడిగారు. ఒకసారి నెత్తళ్ళు కొని సంచి హ్యాండిల్‌కి తగిలించాను. ఎదురుగాలికి అది ఊగి ఊగి ముందు చక్రం చువ్వలకి రాసుకుని, సాగర్‌నగర్ దగ్గర అడుగున చిరిగింది. తర్వాత రెండు కిలోమీటర్లు నా వెనక ఏం రాలుతోందో, ఆ కాకులు ఎందుకు వస్తున్నాయో నాకు తెలీదు. ఇప్పుడు పెదజాలారిపేట దగ్గర, అంటే ఇంటికి ఇంకో పావుగంట ఉందనగా కొంటున్నాను. మంచి వంజరం ముక్క దొరికితే వీపు మీద బ్యాగులో, రెండు కవర్లు వేసి.